పన్నెండో సెకను

మా అమ్మ గొంతు ఇప్పుడు నా ఫోనులో పదకొండు సెకన్లు ఉంది. నిజం చెప్పాలంటే అందులో మొదటి ఏడు సెకన్లు ఎవరో కుర్రాడివి. "అమ్మా, మీరు ఇన్నేళ్లుగా ఉంటున్న ఈ హైదరాబాద్ గురించి మీకేం తెలుసో చెప్పండి" అని మైకు ముందుకు చాపి అడుగుతాడు. అమ్మ చీర మీద తొడుక్కున్న మగవాళ్ల చొక్కా కాలరు సర్దుకుని, ఫోను వైపు కాక అతని మొహం వైపే చూసి, "నాకేమెర్క సారూ" అంటుంది. అంతే. ఆ వెంటనే గాడిద ఓండ్ర పెట్టిన చప్పుడు, జనం పగలబడి నవ్విన చప్పుడు. అవి అమ్మవి కావు కాబట్టి వాటిని నేను లెక్కలో వేసుకోను.

అమ్మ పోయి రెండేళ్లు దాటింది. మూడు రోజులు జ్వరం, నాలుగో రోజు మనిషి లేదు. ఫోటోలు నాలుగైదు ఉన్నాయి. గొంతు మాత్రం ఇదొక్కటే మిగిలింది. పుట్టిన దగ్గర్నుంచీ అమ్మ నన్ను "బిడ్డా" అని తప్ప పేరు పెట్టి పిలిచి ఎరగదు. తిట్టినా బిడ్డా, ముద్దు చేసినా బిడ్డా, గిన్నె ఎక్కడ పెట్టావని అడిగినా బిడ్డా. ఆ మాట ఈ వీడియోలో లేదు. ఇంకెక్కడా లేదు. ఆ గొంతులో ఆ మాట ఒక్కసారి వినాలని ఉంటుంది నాకు. పొద్దున లేవగానే ఉంటుంది, ఆఫీసులో ఫైలుకు తాడు కడుతున్నప్పుడు ఉంటుంది, బస్సులో పక్క సీటావిడ కూతురితో ఫోనులో మాట్లాడుతుంటే మరీ ఉంటుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్కోసారి ఆవిడ మాటలు దొంగతనంగా వింటాను కూడా.

మాది మహబూబ్‌నగర్ జిల్లా. మేము పాలమూరు అంటాం. నాన్న పోయిన ఏడాదే అమ్మ నన్ను చంకనేసుకుని రైల్లో కాచిగూడలో దిగిందట. అక్కడి నుంచి మా ఊరివాళ్లున్న అశోక్‌నగర్ నాలా పక్క బస్తీకి నడుచుకుంటూ వచ్చిందట. అడుగుతూ, తప్పిపోతూ, మళ్లీ అడుగుతూ. అక్కడే ఒక కిరాయి గది. తెల్లారేసరికి చిక్కడపల్లి అడ్డా మీద నిలబడేది. అడ్డా అంటే కూలీలు పని కోసం నిలబడే చోటు. మేస్త్రీ వచ్చి వేలు చూపిస్తే ఆ రోజుకి పని, చూపించకపోతే సద్ది విప్పుకుని తిని ఇంటికి. ఇరవై ఏళ్లకు పైగా అమ్మ అక్కడే నిలబడింది. ఇటుకలు మోసింది, కాంక్రీటు మోసింది, రోడ్డు తవ్వి మళ్లీ పూడ్చింది. ఆ పైసలతోనే నేను చదువుకున్నాను. అడ్డాకు కాస్త దూరంలో ఉన్న లైబ్రరీలో, గ్రూప్స్ పరీక్షలకు చదివే వందల మంది మధ్య నాకూ ఒక కుర్చీ దొరికింది.

ఇప్పుడు ఆ "నాకేమెర్క" సంగతి చెప్పాలి. చెప్పకపోతే మీరు కూడా ఆ గాడిద పక్షమే అయిపోతారు.

మా వైపు ఎవరినైనా ఏదైనా అడిగితే "నాకు తెలుసు" అని మొదలుపెట్టడం పొగరు. ముందు తగ్గాలి. "నాకేమెర్క", అంటే నాకేం తెలుసు, అనాలి. అడిగినవాడు "అట్లంటవేంది, నువ్వు చెప్పకుంటే ఎవరు చెప్తరు" అన్నట్టు ఒక్క క్షణం ఆగాలి. అప్పుడు మొదలవుతుంది అసలు సంగతి. బావి ఎక్కడ తవ్వితే నీళ్లు పడతాయని అడిగితే మా తాత "నాకేమెర్క, భూతల్లికెర్క" అనేవాడు. అని, లేచి, తిన్నగా వెళ్లి కాలి మడమతో నేల మీద గుండ్రంగా గీత గీసేవాడు. పెళ్లి వంటకి బియ్యం ఎన్ని పోయాలంటే వంటామె "నాకేమెర్క అక్కా" అని, పిడికెడు అటూ ఇటూ కాకుండా చెప్పేది. మా ఊళ్లో అందరికీ అన్నీ తెలుసు, ఎవరికీ ఏమీ తెలియదు. అదొక మర్యాద. ఆ మర్యాద తెలియనివాడి చేతిలో కత్తెర ఉంటే ఏమవుతుందో అమ్మ విషయంలో అదే అయింది.

నాలుగైదేళ్ల కిందటి మాట ఇది. ఎవరో చిన్న యూట్యూబ్ చానెల్ వాళ్లు. వీడియో పేరు "ఈ ఊరి అన్నం తింటారు, ఈ ఊరి ఊసు తెలీదు". అడ్డా కూలీలు, తోపుడు బండ్లవాళ్లు, వాచ్‌మెన్‌లు ఒక పదిమంది వరసగా వస్తారు. అందరూ తడబడతారు. మధ్యలో చానెల్ కుర్రాడు నుదురు కొట్టుకుంటాడు. "బతకడానికి వస్తారు సరే, కనీసం ఈ నగరం గురించి తెలుసుకోవాలి కదా" అని చివర్లో హితబోధ. పదిమందిలో అందరికంటే ఎక్కువ నవ్వించింది మా అమ్మేనట. అందుకే ఆ ముక్క ఒక్కటే కోసి జనం ఒకరికొకరు పంపుకున్నారు.

నా దగ్గరికి అది లైబ్రరీలోనే వచ్చింది. నా పక్క కుర్చీ అమ్మాయి ఫోను నా పుస్తకం మీదకి తోసి, "ఇది చూడవే, నవ్వలేక చస్తున్నా" అంది. చూశాను. ఫోను తిరిగి ఇచ్చాను. పుస్తకాలు సర్దుకుని బయటికి వచ్చాను. ఆమెను ఒక్క మాట కూడా అనలేదు నేను. నాకు నోరు లేక కాదు. మా బస్తీలో నల్లా దగ్గర నాతో తగువు పెట్టుకోవడానికి మగవాళ్లు కూడా జంకుతారు. ఆ నోరంతా ఆ రోజు ఎక్కడికి పోయిందో తెలియదు. దాచుకుని దాచుకుని ఇంటికి తెచ్చి అమ్మ మీద పోశాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు.

"తెల్వదంటవేందే? ఇరవై ఏండ్ల సంది ఉంటున్నవ్, ఒక్క ముక్క చెప్పరాదా?"

అమ్మ అప్పుడే పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. "చెప్పిన బిడ్డా. శానా చెప్పిన" అంది.

"మరి ఏడున్నది? నాకేమెర్క, నాకేమెర్క, గదొక్కటే ఉన్నది!"

"మొదలు గట్లనే అంటరు గదనే."

"మీ ఊర్ల అంటరు! ఫోన్ల ముంగట అంటరా? ఇజ్జత్ తీసినవ్!"

అమ్మ చెంబు బోర్లించి లోపలికి వచ్చి రొట్టెల పిండి తీసింది. "శానా చెప్పిన" అన్నది కదా, ఏం చెప్పావమ్మా అని అడగాలి కదా మనిషన్నాక. అడగలేదు. ఆ రోజు అడగలేదు, ఆ తరువాత రెండేళ్లు ఒకే గదిలో పక్కపక్కన పడుకునీ అడగలేదు. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యికి ఊరంతా తిరగడం అంటారే, ఇప్పుడు నా పని అదే అయింది.

నాలుగు రోజులు పోయాక ఒక సాయంత్రం అమ్మే అంది. "బిడ్డా, నువ్వు సదివే బుక్కుల హైద్రవాద్ గురించి ఉంటది గద. నాకు జర నేర్పరాదు. మల్ల వస్తరేమో, అడుగుతరేమో."

నేర్పాను. అంతకంటే సిగ్గుపడాల్సిన పని నేనింకోటి చేయలేదు. అప్పుడు మాత్రం తెగ సంబరపడ్డాను. అమ్మ పీట ముందు కూర్చుని జొన్న రొట్టె చరుస్తుంటే, నేను గైడు తెరిచి రాజుల పేర్లు, కట్టడాల పేర్లు, చెరువుల పేర్లు చదివేదాన్ని. ఆ చరుస్తున్న లయకే అమ్మ అప్పజెప్పేది. ఒక్కోసారి అడిగేది: "గీ రాజుల పేర్లన్నీ ఒక్క తీర్గనే ఉన్నయ్. గీయన గాయనకు ఏమైతడు?"

"మనుమడు."

"కొడుకు కొడుకా, బిడ్డ కొడుకా?"

ఆ సంగతి నా గైడులో లేదు. "పరీక్షల గది అడగరమ్మా" అని విసుక్కునేదాన్ని. అమ్మకు మాత్రం చుట్టరికం తేలకపోతే మనిషి గుర్తుండేవాడు కాదు. తండ్రి, కొడుకు, మామ, అల్లుడు అని వేళ్లు ముడుచుకుంటూ ఆ రాజులందరినీ మా ఊరి వీధిలో ఇళ్లలాగా వరసగా కూర్చోబెట్టుకుంది. నెల తిరిగేసరికి నాకంటే గట్టిగా వచ్చేశాయి.

అప్పటి నుంచి అడ్డాకు చొక్కా తొడుక్కుని పోవడం మానేసింది. మడిచి సంచిలో పెట్టుకునేది. మేస్త్రీ వచ్చి పని ఖాయమయ్యాకే తీసి తొడుక్కునేది. తలకు కొంచెం నూనె రాసుకుని, కొంగు శుభ్రంగా దోపుకునేది. ఎందుకో నాకు తెలుసు. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఒక పొద్దున నేను లైబ్రరీకి పోతూ రోడ్డు అవతలి నుంచి చూశాను. అడ్డా పక్క టిఫిన్ బండి దగ్గర ఒక కుర్రాడు ఫోను పట్టుకుని, మైకులో దోసెల గురించి ఏదో చెబుతున్నాడు. అమ్మ కూలీల గుంపులోంచి లేచింది. కొంగు సర్దుకుని, మెల్లగా వెళ్లి అతనికి ఎదురుగా నిలబడింది. చేతులు కట్టుకుని, పరీక్షకు పిలిస్తే నిలబడినట్టు. పెదాలు కదులుతున్నాయి, అప్పజెప్పుకుంటోంది. ఆ కుర్రాడు చూసి, మర్యాదగానే, "అమ్మా, జర పక్కకు జరుగుతారా, ఫ్రేములోకి వస్తున్నారు" అన్నట్టు చెయ్యి ఊపాడు. అమ్మ తల ఊపి పక్కకు జరిగింది. ఇంకా జరగమన్నాడు. ఇంకా జరిగింది. నేను రోడ్డు దాటి వెళ్లలేదు. బస్సు అడ్డం వచ్చిందని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ రోజు తరువాత పాఠాలు ఆగిపోయాయి. ఫోను అంటేనే ముడుచుకుపోయేది. నాకు ఉద్యోగం వచ్చిన రోజు ఫోను తీసి, "అమ్మా, ఒక్క మాట చెప్పు, వీడియో తీస్త" అన్నాను. రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. ఆ వీడియో ఉంది. చేతుల వెనక నవ్వు వినపడదు. ఆ చేతులు నేనే అక్కడ పెట్టించినట్టు ఉంటుంది చూసినప్పుడల్లా, అందుకే చూడను.

అమ్మ పోయాక నేను ఆ చానెల్ కోసం వెతికాను. ఇంత గొంతు, ఒక్క పది నిమిషాల గొంతు, ఎక్కడో ఒకచోట కోయకుండా ఉండి ఉంటుందన్న ఆశ. నారాయణగూడలో ఒక మేడ మీద గదిలో ఉండేదట వాళ్ల ఆఫీసు. వెళ్లి చూస్తే ఇప్పుడక్కడ జాకెట్లు కుడుతున్నారు. కుట్టే ఆమె పాపం మంచిది, ఇంటి ఓనరును అడిగి ఎవరిదో నంబరు సంపాదించి ఇచ్చింది. ఫోను చేస్తే, అప్పట్లో అక్కడ ఎడిటింగుకు సాయం చేసిన అతను దొరికాడు.

"మొత్తం వీడియోనా? ఏ రోజుకారోజు డిలీట్ కొట్టెటోల్లం అక్కా. ఫోన్ల జాగనే ఉండకపోయేది" అన్నాడు.

"ఆ అడ్డా వీడియో తీసినాయన?"

"అన్న ఎప్పుడో ఊరికి వెళ్లిపోయిండు. అసలు సిటీకి వచ్చిందే అప్పటికి ఆర్నెల్లు. మీరెవరక్కా?"

"ఆ వీడియోల ముసలామె బిడ్డను."

"సారీ అక్కా. అప్పుడు మాకు గది నవ్వులాటనే అనిపించింది" అన్నాడు. నేను తిడదామని ఎన్ని మాటలు పోగు చేసుకుని ఉన్నానో! సరేలే తమ్ముడూ అని పెట్టేశాను. ఆర్నెల్లవాడు ఇరవై ఏళ్ల మనిషిని ఈ ఊరి గురించి పరీక్ష పెట్టాడన్నమాట. ఇంటికి వచ్చాక నవ్వొచ్చింది, ఆ తరువాత ఏడుపొచ్చింది.

ఇక దారి మూసుకుపోయిందనుకున్నాను. మొన్న దసరా వెళ్లాక చిన్నమ్మ ఊరి నుంచి తిరిగొచ్చిందని తెలిసింది. సొంత చిన్నమ్మ కాదు, అమ్మకు పనిలో జోడు. ఇద్దరూ కలిసే పనికి కుదిరేవాళ్లు. ఒకరి తలకు ఒకరు తట్ట ఎత్తుకునేవాళ్లు. మోకాళ్లు పోయి ఊరికి వెళ్లిపోయింది, ఇప్పుడు కొడుకు దగ్గరుండి వైద్యం చేయించుకోవడానికి వచ్చింది. అదే బస్తీ, అమ్మా నేనూ ఉన్న వరసలోనే. నన్ను చూడగానే "ఏందే, గింత బక్కగైనవ్, ఆఫీసుల అన్నం వెట్టరా?" అని మొదలుపెట్టింది.

చాయ తాగాక ఫోను తీసి ఆ పదకొండు సెకన్లు వినిపించాను. అమ్మ గొంతు రాగానే చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గాడిద అరవగానే కొంగు తీసేసింది.

"గీడ కోసిండా? గా ఓండ్ర ఎవరిది, వానిదేనా?"

"ఎర్కలేదు చిన్నమ్మా."

"వానిదే ఉంటది. పక్కకు నిలవడ్డ, మొత్తం ఇన్న నేను."

"ఏమన్నది? ఆ తర్వాత ఏమన్నది అమ్మ?" అని ఆమె మోకాళ్లు నొప్పులన్న ధ్యాస కూడా లేకుండా పట్టుకుని ఊపేశాను.

"నాకేమెర్క" అంది చిన్నమ్మ. అని, అలవాటు ప్రకారం ఒక్క క్షణం ఆగింది. నేనూ ఆగాను. ఈసారి ఆగాను.

"నాకేమెర్క సారూ అన్నది. ఊపిరి తీస్కున్నది. 'నా బిడ్డకెర్క. గా లైబ్రరీల కూసొని సదువుతది. నాకు కాల్లకు ఎర్కైందే ఎర్క' అన్నది. గప్పుడు మొదలువెట్టింది సూడు! గీ బిల్డింగు కింద బాయి ఉండె, మేమే పూడ్సినం, తియ్యటి నీల్లు, పూడ్సేటప్పుడు ఏడుపొచ్చింది అన్నది. ఏ రోడ్డు కింద పైపు ఎంత లోతున్నది చెప్పింది. వానొస్తే ఏ గల్లీల ఎవరింట్లకు నీల్లొస్తయో చెప్పింది. ఏ ఇంటోల్లు తాగనీకె గిలాసల నీల్లిస్తరు, ఏ ఇంటోల్లు గిలాస ముట్టనియ్యకుండ పైకెల్లి దోసిట్ల వోస్తరు, గవి గూడ చెప్పింది. వాడు ఊఁ ఊఁ అన్నడు. ఫోను సంచిల వెట్టుకున్నంక ఏమడిగిండో ఎర్కనా?"

"ఏమడిగిండు?"

"'అమ్మా, కాచిగూడ టేషన్‌కు నడ్సి ఎట్ల వోవాలె, రైలు టైమైతున్నది' అని! మీ అమ్మనే అడిగిండే! మీ అమ్మ వాని శీసల నీల్లు నింపిచ్చి, తొవ్వ జెప్పింది."

ఆ దారి చిన్నమ్మకు పూర్తిగా గుర్తుంది. గుర్తుండక ఏం చేస్తుంది, ఆమె కూడా ఆ దారినే వచ్చిన మనిషి. అమ్మ గొంతును కొంచెం అనుకరిస్తూ చెప్పింది. ఆమెకు తెలియకుండానే అనుకరించింది, ఎన్నేళ్ల జోడు! "సందుల వడి పో బిడ్డా. పిండి గిర్ని కుడిచెయ్యి దిక్కుంటది. ముంగట పచ్చగేటు ఇల్లొస్తది, దూపైతే అడుగు, గిలాసల ఇస్తరు. పెద్ద రోడ్డు కాడ జర పైలం. దాటినంక ఎవల్నీ అడగకు. వాననీల్లు ఎటు వోతయో అటే వో. కాల్లే చెప్తయ్. పట్టాలొచ్చేదాక దిగువకే."

తరువాతి ఆదివారం పొద్దున్నే బయల్దేరాను. అడ్డా మీద పదిమంది నిలబడి ఉన్నారు, అందరూ కొత్త మొహాలే. సందులో పడ్డాను. పిండి గిర్ని లేదు, మొబైల్ కవర్ల దుకాణం ఉంది. పచ్చగేటు కూడా లేదు, అపార్ట్‌మెంట్ వచ్చేసింది. వాచ్‌మన్‌ను నీళ్లడిగితే లోపలికెళ్లి స్టీలు గ్లాసులో తెచ్చాడు. నారాయణగూడ దగ్గర పెద్ద రోడ్డు దాటాను, జర పైలంగానే. దాటి నాలుగు అడుగులు వేశానో లేదో కాళ్లకు తెలిసింది. రోడ్డు చూస్తే చదునుగానే ఉంది, మడమలకు మాత్రం వాలు తెలుస్తోంది. ఆ రోడ్డు మీద నేను ఎన్ని వందలసార్లు ఆటోలో పోయానో, ఎప్పుడూ ఎరగను. రెండు మలుపుల దగ్గర తికమకపడ్డాను. ఎవరినీ అడగలేదు. నీళ్లు ఎటు పోతాయో అటే పోయాను. చంకలో నన్నేసుకుని అమ్మ ఈ దారినే ఎత్తుకు ఎక్కుకుంటూ వచ్చిందన్నమాట, ఎక్కడో ఒక మెట్టు మీద కూర్చుని నాకు పాలిచ్చి ఉంటుంది, ఏ మెట్టో. నలభై నిమిషాలకు కాచిగూడ స్టేషన్ ముందు తేలాను.

లోపల బెంచీ మీద కూర్చున్నాను. ఆ రోజు ఆ కుర్రాడు కూడా సరిగ్గా ఇక్కడికే చేరి ఉంటాడు. తప్పిపోయి ఉండడు, అది అమ్మ చెప్పిన దారి. అమ్మ నింపిచ్చిన నీళ్లు తాగి, రైలు వచ్చేలోగా ఫోను తీసి, ఎక్కడ కోస్తే బాగుంటుందా అని ఇక్కడే చూసుకుని ఉంటాడు.

నేనూ ఫోను తీశాను. చెవికి దగ్గరగా పెట్టుకున్నాను. "నాకేమెర్క సారూ." గాడిద రాకముందే బొటనవేలితో ఆపాను. మళ్లీ పెట్టాను, మళ్లీ ఆపాను. నాలుగోసారో ఐదోసారో వినిపించింది, ఇన్నేళ్లూ నేను వినిపించుకోనిది. పదకొండో సెకను చివర, సారూ అన్న మాట తరువాత, అమ్మ ఊపిరి పీల్చుకుంటుంది. "నా బిడ్డ" అనడానికి పీల్చుకున్న ఊపిరి అది. ఇంకొక్క సెకను ఆగి కోసి ఉంటే నాకు సరిపోయేది.